తిండి రుగ్మతలకు చైనా సంప్రదాయ వైద్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిండి మానేసి శుష్కించిపోవడం అనొరెక్సియా. ఎవరూ చూడకుండా గిన్నెలు ఖాళీ చేసి, ఆ తర్వాత వేలు పెట్టుకుని కక్కేయడం బులీమియా. కక్కకుండా అలాగే తినేస్తుంటే బింజ్ ఈటింగ్. వీటికి ఆక్యుపంక్చర్, చైనా మూలికలు ఉపయోగపడతాయా అని అడిగేవాళ్లు పెరుగుతున్నారు. ఆ వైద్యం ఈ జబ్బుల్ని ఎలా చూస్తుంది, ఏం చేస్తుంది, ఎక్కడ ప్రమాదం అన్నవి ఇక్కడ చెప్పుకుందాం.

చైనా వైద్యంలో ఈటింగ్ డిజార్డర్ అనే జబ్బు ఉందా?

ఆ పేరుతో లేదు. ఇప్పుడు చైనా ఆస్పత్రుల్లో రాసే ‘షెన్‌జింగ్‌సింగ్ యెన్‌షీజెంగ్’ అనే మాట అనొరెక్సియా నెర్వోసాకి చేసుకున్న అనువాదం. అందులోని ‘యెన్‌షీ’ అంటే తిండి మీద వెగటు. సంప్రదాయ వైద్యులు ఆ మాటని ఎక్కువగా అన్నం తినని చిన్నపిల్లల విషయంలోనే వాడతారు.

పాత గ్రంథాల్లో మనకి కనిపించేవి లక్షణాలు. ‘ఆకలి ఉన్నా తినబుద్ధి కాదు’, ‘తిన్నది ఇట్టే అరిగిపోయి మళ్లీ ఆకలి’ లాంటివి. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు ‘లిల్లీ జబ్బు’ గురించి రాశాడు. ఆ రోగికి తినాలని ఉంటుంది, తినలేడు. పడుకోవాలని ఉంటుంది, పడుకోలేడు. నడవాలని ఉంటుంది, నడవలేడు. ఎవరితోనూ మాట్లాడకుండా మౌనంగా ఉంటాడు. లిల్లీ దుంపతో మందు చేసేవారు కాబట్టి ఆ పేరు అంటారు. చదవగానే ఇది అనొరెక్సియానే అనిపిస్తుంది కానీ, లావెక్కుతానన్న భయం గురించి అందులో ఒక్క మాటా లేదు. అందుకే రెండూ ఒకటేనని నేను అనను.

ఈ వైద్యులు ప్రతిదానికీ ప్లీహం అంటారెందుకు? ప్లీహానికీ తిండికీ ఏం సంబంధం?

వాళ్లు చెప్పే ‘పీ’ మన స్కానింగ్‌లో కనిపించే ప్లీహం కాదు. అనువాదంలో ఆ పేరు తగులుకుంది, అంతే. వాళ్ల లెక్కలో పీ పని తిన్నదాన్ని సారంగా మార్చి ఒళ్లంతా పంచడం. కడుపు తిండిని తీసుకుని కిందికి పంపుతుంది, పీ సారాన్ని పైకి ఎత్తుతుంది. ఈ ఎక్కడం, దిగడం సరిగ్గా సాగినంతకాలం మనిషి బాగుంటాడు. కడుపులోని ‘చీ’ (ప్రాణశక్తి అనుకోండి) దిగాల్సింది పోయి పైకి తిరగబడితే వాంతి. మన పెద్దవాళ్లు జఠరాగ్ని మందగించింది అంటారు చూడండి, ఆ మాట తెలిసినవాళ్లకి ఇది పెద్ద కొత్తగా ఉండదు.

అసలు విశేషం తర్వాత ఉంది. ఒక్కో అవయవానికీ ఒక్కో భావం జోడించారు. పీకి చెందినది ఆలోచన, అంటే ఒకేదాన్ని తిప్పి తిప్పి నలుపుకోవడం. రెండు వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌దీ నెయ్‌జింగ్’ గ్రంథంలో ‘కోపంతో చీ పైకి ఎగస్తుంది, ఆలోచనతో చీ ముడిపడుతుంది’ అని ఉంది. కాలేయానిది కోపం. కాలేయం చెట్టు, పీ మట్టి. చెట్టు వేళ్లు మట్టిని పిండేసినట్టు, అణచుకున్న కోపం జీర్ణశక్తిని పిండేస్తుంది. అనొరెక్సియా, బులీమియా రెండిటినీ సంప్రదాయ వైద్యులు ముందు ఈ కోణంలోంచే చూస్తారు.

‘బెంగతో ముద్ద దిగడం లేదు’ అని మన ఇళ్లలో అనేమాట కూడా దాదాపు ఇదే. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుండి, మింగినా పోక, కక్కినా రాక ఉండే స్థితికి చైనాలో ‘రేగిగింజ చీ’ లాంటి పేరే ఉంది. కాకపోతే వాళ్లది ప్లమ్ పండు గింజ.

అనొరెక్సియాకి ఒక మందు, బులీమియాకి ఒక మందు అని ఉంటాయా?

ఉండవు. ఒకే జబ్బున్న ఇద్దరికి వేర్వేరు మందులు, వేర్వేరు జబ్బులున్న ఇద్దరికి ఒకే మందు ఇవ్వడం ఈ వైద్యంలో మామూలే. వైద్యుడు వెతికేది లక్షణాల పొందికని.

అమ్మాయి చిరాకుగా ఉంది, నిట్టూరుస్తుంది, డొక్కల్లో బిగుతు, రెండు ముద్దలకే ఉబ్బరం అంటే కాలేయపు చీ స్తంభించింది అంటారు. పాలిపోయి, నీరసపడి, రాత్రి నిద్ర పట్టక, గుండె దడదడలాడుతూ, ఎప్పుడూ మార్కుల గురించో బరువు గురించో లెక్కలేసుకుంటుంటే గుండె, పీ రెండూ డీలా పడ్డాయంటారు. ఆగని ఆకలి, నోటి దుర్వాసన, దాహం, మలబద్ధకం ఉంటే కడుపులో మంట చేరింది అంటారు. ఆవురావురుమని తినే బులీమియా రోగి చాలాసార్లు ఈ లెక్కలోకి వస్తుంది. ఏళ్ల తరబడి వాంతులు చేసుకున్నవాళ్లలో నోరెండిపోయి, నాలుక మీద పూత పోయి నున్నగా ఎర్రబడితే కడుపులోని తేమ ఆరిపోయిందంటారు. నెలసరి ఆగిపోయి, జుట్టు రాలి, చలికి వణికిపోయే దశకొస్తే మూలధనమే కరిగిపోయిందని భావం. దాన్ని మూత్రపిండాలకి ఆపాదిస్తారు.

ఒకే మనిషిలో ఇవి కలగలిసి ఉండొచ్చు, నెల తిరిగేసరికి మారొచ్చు.

క్లినిక్‌కి వెళ్తే ఏం చేస్తారు?

మణికట్టు మీద మూడు వేళ్లు వేసి నాడి చూస్తారు. ముందు తేలిగ్గా, తర్వాత గట్టిగా నొక్కి. రెండు చేతులూ చూస్తారు. వీణ తీగలా బిగుసుకున్న నాడి కాలేయానికి గుర్తు. నాలుక చాపమంటారు. పాలిపోయి, అంచుల్లో పళ్ల గుర్తులు పడ్డ నాలుకని చూస్తే పీ బలహీనం అని రాసుకుంటారు. తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. చేతులు చల్లగా ఉంటాయా, నోరు చేదుగా ఉంటుందా, విరేచనం ఎలా అవుతోంది, కలలొస్తాయా, నెలసరి ఎప్పుడొచ్చింది, వేడినీళ్లు ఇష్టమా చన్నీళ్లు ఇష్టమా.

‘నీ బరువెంత?’ అన్నది మొదటి ప్రశ్న కాకపోవడం చాలామంది రోగులకి ఊరట. బరువు యంత్రం మాట ఎత్తగానే ముడుచుకుపోయే అమ్మాయి, చేతులు చల్లబడటం గురించి అడిగితే గడగడా చెప్తుంది. ఇది ఈ పద్ధతికున్న నిజమైన బలం. అదే దాని బలహీనత కూడా, ఎందుకంటే ఈ జబ్బులో బరువు కొలవకుండా వైద్యం చేయడం కళ్లు మూసుకుని బండి నడపడమే.

ఏ మందులు ఇస్తారు?

ఎక్కువగా వినిపించే పేరు ‘షియావ్‌యావ్ సాన్’. సోంగ్ రాజవంశం నాటిది. అర్థం ‘నిశ్చింతగా తిరిగే పొడి’. ఇందులో ఉండేవి ఛాయ్‌హూ వేరు, దాంగ్‌గుయ్ వేరు, తెల్ల పియోనీ వేరు, బాయ్‌జూ దుంప, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి, అతిమధురం, కొంచెం అల్లం, పుదీనా. కాలేయాన్ని వదులు చేస్తూ పీని నిలబెట్టడం దీని ఉద్దేశం. గుండె, పీ రెండూ నీరసిస్తే ‘గుయ్‌పీ తాంగ్’. తిన్నది పేరుకుపోయి పుల్లటి తేన్పులొస్తుంటే ‘బావ్‌హో వాన్’ మాత్రలు. ఊరికే ఏడుపొచ్చి, మాటిమాటికీ ఆవులించే మనిషికి గోధుమలు, అతిమధురం, మన రేగుపండుకి దగ్గరి చుట్టమైన చైనా ఎర్ర జుజుబీలు కలిపి కాచి ఇవ్వడం జాంగ్ జోంగ్‌జింగ్ కాలం నుంచి ఉంది. వంటింటి సరుకులాగే ఉంటుంది చూడటానికి.

కషాయాలు ఇంట్లో మట్టిపాత్రలో కాస్తారు. దినుసుల్ని అరగంట నానబెట్టి, ఒకసారి మరిగించి వడకట్టి, మళ్లీ నీళ్లు పోసి రెండోసారి మరిగించి, రెండూ కలిపి పొద్దున సగం, సాయంత్రం సగం. చేదుగా, మట్టి వాసనతో ఉంటుంది. వాంతి చేసుకునే అలవాటున్నవాళ్లకి ఇది కడుపులో నిలవడమే కష్టం. అందుకే ఇప్పుడు చాలామంది పొడులు, మాత్రలు ఇస్తున్నారు.

ఆక్యుపంక్చర్‌లో సూదులు ఎక్కడ గుచ్చుతారు?

మోకాలి కింద, ఎముక అంచుకి బయటివైపు ‘జూసాన్‌లీ’. పొట్ట మధ్యలో బొడ్డుకీ రొమ్ముఎముకకీ నడుమ ‘జోంగ్‌వాన్’. మణికట్టు మడతకి మూడు వేళ్ల ఎగువన రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య ‘నెయ్‌గువాన్’, ఇది వికారానికి పేరున్న చోటు. పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ‘తాయ్‌చోంగ్’. చెవిలో కూడా గుచ్చుతారు, లేదా చిన్న గింజల్ని ప్లాస్టర్‌తో అతికించి నొక్కుకోమంటారు.

బాగా చిక్కిపోయినవాళ్ల ఛాతీ, వీపు మీద సూది లోతుగా దిగితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. ఖాళీ కడుపుతో గుచ్చితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. నెయ్‌జింగ్‌లోనే స్పష్టంగా ఉంది: బాగా తాగినవాడికీ, మహా కోపంలో ఉన్నవాడికీ, బాగా అలసినవాడికీ, అప్పుడే తిన్నవాడికీ, బాగా ఆకలిగొన్నవాడికీ సూది గుచ్చొద్దని. రెండు రోజులుగా ఏమీ తినని అమ్మాయిని బల్ల మీద పడుకోబెట్టే వైద్యుడు తన శాస్త్రాన్నే పక్కన పెట్టినట్టు.

పాతకాలంలో తిండి మానేసినవాళ్లకి నిజంగా ఎవరైనా వైద్యం చేశారా?

చేశారు. నాకు బాగా నచ్చే కథ జాంగ్ జుహోది, 12వ శతాబ్దం చివరి నుంచి 13 మొదలు దాకా ఉన్నవాడు. ఒక అధికారి భార్యకి కోపపు జబ్బు. అన్నం ముట్టదు, అరుస్తుంది, తిడుతుంది, పక్కనున్నవాళ్లని చంపేస్తానంటుంది. ఎంతోమంది వైద్యులు దాదాపు అర్ధ సంవత్సరం మందులిచ్చారు, ఫలితం లేదు. జాంగ్ వచ్చి ఇది మందుతో తగ్గేది కాదన్నాడు. ఇద్దరు ఆడవాళ్లకి రంగులు పూయించి నాటకాల వాళ్లలా ఆడించాడు. ఆమె పగలబడి నవ్వింది. మర్నాడు వాళ్లతో కుస్తీ పట్టించాడు. మళ్లీ నవ్వింది. అన్నిటికన్నా తెలివైన పని, తిండిపుష్టి ఉన్న ఇద్దరు ఆడవాళ్లని ఆమె పక్కనే కూర్చోబెట్టి ‘అబ్బ, ఎంత బాగుందో’ అని లొట్టలేస్తూ తినిపించడం. చివరికి ఆమే అడిగి ఒక ముద్ద రుచి చూసింది. కొద్దిరోజుల్లో కోపం తగ్గింది, తిండి పెరిగింది, మందు లేకుండానే కోలుకుంది.

‘తినవే తల్లీ’ అని ఎవరూ బతిమాలలేదు, గమనించండి.

ఇంకో కథ జూ దాన్‌షీది (1281–1358). పెళ్లి కుదిరిన అమ్మాయి, వరుడు దక్షిణాదికి వెళ్లి అయిదేళ్లయినా రాలేదు. అర్ధ సంవత్సరంగా తిండి లేకుండా ఉత్తరం వైపు తిరిగి పడుకుని ఉంది. వైద్యుడు నాడి చూసి, ఎదురుచూపులతో పీలో చీ ముడిపడింది, కోపం మాత్రమే ఈ ముడి విప్పగలదు అన్నాడు. తండ్రి ఒప్పుకోలేదు. వైద్యుడే లోపలికెళ్లి ఆమె చెంప మీద మూడు దెబ్బలు కొట్టి, పరాయి ఆలోచనలేమిటని తిట్టాడు. ఆమె ఏడ్చి, మండిపడి, కోపం చల్లారాక అన్నం తింది. తర్వాత సంతోషం కూడా కావాలని, వరుడు త్వరలో వస్తున్నట్టు ఉత్తరం వచ్చిందని అబద్ధం చెప్పించాడు. మూడు నెలలకి అతను నిజంగానే వచ్చాడట.

సిద్ధాంతం ప్రకారం చెట్టు మట్టిని గెలిచింది. ఈ రోజు ఎవరైనా ఇలా చెయ్యి చేసుకుంటే పోలీసు కేసు పెట్టాలి. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ అమ్మాయి మనసులో ఏముందో అడిగి తెలుసుకున్నవాడు, మందుతో పని లేదని చెప్పగలిగినవాడు ఆ ఊళ్లో అతనొక్కడే.

ఇది పనిచేస్తుందని రుజువులున్నాయా?

చిన్నచిన్నవి. ఆస్ట్రేలియాలో అనొరెక్సియా రోగుల మీద ఆక్యుపంక్చర్‌ని మసాజ్‌తో పోల్చి ఒక ప్రాథమిక పరిశోధన చేశారు. మామూలు చికిత్స సాగుతుండగా అదనంగా ఇచ్చి చూశారు, రోగులు ముప్పై మంది కూడా లేరు. బరువులో రెండు గుంపుల మధ్య తేడా రాలేదు. రోగులు మాత్రం తమతో ఓపిగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి దొరకడం గురించి ఎక్కువగా చెప్పారు. మందులు, సూదులు ఒంటరిగా అనొరెక్సియాని నయం చేస్తాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. టెన్షన్, నిద్ర, ఉబ్బరం లాంటివి కొంత తగ్గితే చికిత్స కొనసాగించే ఓపిక వస్తుంది. అంతవరకే ఆశించండి.

బలమైన రుజువులున్నవి వేరే ఉన్నాయి. టీనేజి పిల్లలకి తల్లిదండ్రులే తిండి బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స, బులీమియాకి సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే) కౌన్సెలింగ్, డిప్రెషన్‌కి కూడా వాడే ఫ్లూఆక్సెటిన్ మందు. చైనాలో కూడా పెకింగ్ యూనివర్సిటీ ఆరో ఆస్పత్రి, షాంఘై మెంటల్ హెల్త్ సెంటర్ లాంటి చోట్ల ఈ జబ్బులకి మానసిక వైద్యులే ప్రధానంగా చికిత్స చేస్తారు.

‘లావైపోతానన్న భయం లేదు, కడుపు ఉబ్బరంగా ఉంటుంది అంతే’ అంటోంది మా అమ్మాయి. మరి అనొరెక్సియా ఎలా అవుతుంది?

అవ్వొచ్చు. హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు, సహచరులు 1993లో 70 మంది చైనీస్ రోగుల వివరాలు ప్రచురించారు. వారిలో 41 మందికి లావెక్కుతానన్న భయమే లేదు. ఉబ్బరం, ఆకలి లేకపోవడం అనే చెప్పారు. శరీరం మాత్రం అదే తీరున క్షీణించింది. తర్వాత 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్య ప్రమాణాల్లో, భయం మాటల్లో ఒప్పుకోకపోయినా బరువు పెరగకుండా అడ్డుకునే ప్రవర్తన ఉంటే చాలు అని మార్చారు.

‘కడుపు సమస్య’ అన్న భాష రోగికీ ఇంట్లోవాళ్లకీ ఇద్దరికీ సుఖం. పరువు పోదు. సైకియాట్రిస్ట్ బోర్డు కింద నిలబడక్కర్లేదు. అందుకే గ్యాస్ట్రో డాక్టరు, తర్వాత ఆయుర్వేదం, తర్వాత ఆక్యుపంక్చర్ అని ఏడాది తిరిగిపోతుంది. దిష్టి తీయడం సరేసరి. (చైనాలో వాంతులు చేసుకునేవాళ్లు ఆన్‌లైన్‌లో తమని ‘కుందేళ్లు’ అని పిలుచుకుంటారు, ఎందుకంటే వాళ్ల భాషలో కుందేలుకీ కక్కడానికీ ఉచ్చారణ ఒకటే, తూ. దాచుకోవడానికి ఎక్కడైనా ఒక ముద్దుపేరు కావాలి కాబోలు.)

మూలికలే కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు కదా?

ఉంటాయి, ఈ రోగుల్లో ఇంకా ఎక్కువ. వాంతులు, విరేచనాల మందులు వాడేవాళ్ల రక్తంలో పొటాషియం ముందే పడిపోయి ఉంటుంది. దాదాపు సగం చైనా కషాయాల్లో కనిపించే అతిమధురం పొటాషియంని ఇంకా తగ్గిస్తుంది. అది మరీ పడిపోతే గుండె లయ తప్పుతుంది.

‘స్లిమ్మింగ్ టీ’ల్లో తరచుగా ఉండేది సునాముఖి, రేవల్చిన్ని. రెండూ విరేచనాలకే. మన పచారీ కొట్లలో దొరికే సునాముఖి ఆకే అది. కొవ్వు కరగదు, నీళ్లు పోతాయి, అలవాటైపోతుంది. 1990ల మొదట్లో బ్రస్సెల్స్‌లోని ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో ఒక చైనా మూలిక స్థానంలో ఆరిస్టొలోకియా అనే విషపు మొక్క కలిసిపోయింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. ‘మా హువాంగ్’ (ఎఫెడ్రా) ఉన్న డైట్ సప్లిమెంట్లని అమెరికా 2004లో నిషేధించింది. ఆన్‌లైన్‌లో చైనా పేర్లతో వచ్చే సన్నబడే మాత్రల జోలికి అసలు పోవద్దు.

చిక్కిపోయిన పిల్లకి ఒక్కసారిగా బాగా తినిపిస్తే త్వరగా కోలుకుంటుందా?

వద్దు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి సాక్ష్యం చూడండి. 1232లో మంగోలులు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించారు. ముట్టడి ఎత్తేశాక జనం కుప్పలుతెప్పలుగా చనిపోయారు. పన్నెండు ద్వారాల్లో ఒక్కో దాన్నుంచీ రోజుకి వెయ్యి నుంచి రెండు వేల శవాలు, దాదాపు మూడు నెలలు. అక్కడున్న వైద్యుడు లీ దోంగ్‌యువాన్ (1180–1251) అడిగాడు: ఇంతమందికీ జలుబు జ్వరాలేనా? కాదు, నెలల తరబడి ఆకలితో కడుపు శక్తి ఉడిగిపోయిన మనుషులు ఒక్కసారిగా కడుపు పగిలేలా తిన్నారు, పైగా వైద్యులు తప్పు మందులిచ్చారు అన్నాడు. పీని, కడుపుని కాపాడుకోవడమే వైద్యానికి మూలమన్న ఆయన సిద్ధాంతానికి పునాది ఆ శవాలే.

ఆ చావుల్లో అంటురోగాల పాలు కూడా ఉండే ఉంటుంది. కానీ ఆయన గుర్తుపట్టిన ప్రమాదాన్ని ఇప్పుడు రీఫీడింగ్ సిండ్రోమ్ అంటున్నారు. చాలాకాలం పస్తులున్నాక ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె ఆగొచ్చు. బాగా చిక్కినవాళ్లకి తిండి పెంచడం ఆస్పత్రిలో, రోజూ రక్తపరీక్షలతోనే మొదలుపెట్టాలి.

ఇంట్లో ఏం పెట్టమంటారు?

చైనాలో బాలింతలకీ, జబ్బు పడి లేచినవాళ్లకీ ‘షియావ్‌మీ జో’ పెడతారు. షియావ్‌మీ అంటే మన కొర్రలే. కొర్ర జావలో జుజుబీలు, తామర గింజలు, చైనా పెండలం వేస్తారు. గోరువెచ్చగా, మెత్తగా ఉండి ఉబ్బరం తక్కువ. డాక్టరు ఇచ్చిన భోజనంతో పాటు ఇది ఉండొచ్చు, భోజనం బదులు కాదు. జావలో నీళ్లే ఎక్కువ, కేలరీలు తక్కువ.

ఒక హెచ్చరిక. ఈ వైద్యంలో పథ్యాల జాబితా పెద్దది. పచ్చివి వద్దు, చల్లవి వద్దు, పాలు వద్దు, నూనె వద్దు, తీపి వద్దు. మామూలు మనిషికి పర్వాలేదు. అనొరెక్సియా ఉన్న అమ్మాయికి ఆ జాబితా వరంలా దొరుకుతుంది. ‘డాక్టరు గారు పెరుగు వద్దన్నారు’ అని మానేసినవి ఒక్కోటీ పెరుగుతూ పోతాయి. పథ్యం పెట్టొద్దని వైద్యుడికి ముందే చెప్పేయండి.

మన దగ్గర ఎవరి దగ్గరికి వెళ్లాలి?

కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ని స్వతంత్ర చికిత్సా విధానంగా గుర్తించింది. చైనా మూలికలు ఆయుష్ పద్ధతుల్లో లేవు, కాబట్టి వాటి నాణ్యత చూసే యంత్రాంగం ఇక్కడ బలంగా లేదు. సూదుల వరకు ఆలోచించొచ్చు, ఒకసారి వాడి పారేసేవే వాడాలి. మూలికలు వద్దనే నా సలహా. చైనాలో ఎంబీబీఎస్ చదివొచ్చిన మన పిల్లలు ఈ వైద్యాన్ని ఒక సబ్జెక్టుగా చదివుంటారు, అంతమాత్రాన వాళ్లు ఇందులో నిపుణులు కారు.

స్పృహ తప్పడం, గుండె మరీ నెమ్మదించడం, వాంతిలో రక్తం, నీళ్లు కూడా తాగకపోవడం, చచ్చిపోతానన్న మాటలు ఉంటే నేరుగా ఆస్పత్రికే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.

‘చైనా డాక్టరు దగ్గరికైతే వస్తాను, సైకియాట్రిస్ట్ దగ్గరికి రాను’ అంటోంది. ఏం చేయాలి?

గొడవ పడకండి, తీసుకెళ్లండి. కానీ వెళ్లేముందే ఒక ఫిజీషియన్ దగ్గర బరువు, ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫరస్ చూపించండి. ఆ కాగితాలు పట్టుకెళ్లి ఆక్యుపంక్చర్ వైద్యుడి ముందు పెట్టి, వారానికోసారి బరువు చూడాలనీ, తగ్గుతుంటే ఆయనే ‘ఇక ఆస్పత్రికి వెళ్లమ్మా’ అని అమ్మాయికి చెప్పాలనీ అడగండి. ఒప్పుకుంటే ఆయన దగ్గరే కూర్చోబెట్టండి. మీరు చెప్తే వినని మాట ఆయన నోటి నుంచి వింటుందేమో. ‘కోర్సు మధ్యలో ఆపకూడదు, ఇంగ్లీషు మందులు మానేయండి’ అంటే మాత్రం ఫీజు ఇచ్చేసి లేచి వచ్చేయండి.